బోగదాలో ఐదుసార్లు

చిన్న పట్టాల లైను పీకేయడానికి ముందు ఏడాది, ఫిబ్రవరి రెండో ఆదివారం, పొద్దున ఆరున్నర గంటలు. గిద్దలూరు స్టేషన్లో ఆవిరి ఇంజన్ కూత వేసింది. డీజిల్ వచ్చాక ఆ కూత విని ఏళ్ళయింది. టీ దుకాణం ముందున్నవాళ్ళు గ్లాసులు చేతుల్లో పట్టుకొనే పరుగెత్తుకొచ్చారు.

మేం పరుగెత్తలేదు. అప్పటికే దాని మీద ఉన్నాం.

నాది బొగ్గు గంప పని. ఇంజన్ వెనక బొగ్గూ నీళ్ళూ ఉండే పెట్టెను టెండర్ అంటారు. వాలుగా వేసిన పలక మీద గంపతో ఎక్కి దాన్ని నింపేవాళ్ళం. పాపం అని ఎవరూ జాలిపడనక్కరలేదు. పని బాగా చేసేవాళ్ళం.

ఆ రోజు వచ్చింది మామూలు రైలు కాదు. రైళ్ళంటే పిచ్చి ఉన్న పట్నంవాళ్ళు షెడ్డులో మూలనపడ్డ ఇంజన్ను బాగుచేయించి, రంగు పూయించి, పాత పెట్టెలు తగిలించుకొని నల్లమల చూడటానికి వచ్చారు. బొగ్గు పోసే మనుషులు లేక పాతవాళ్ళను పిలిపించారు: నన్ను, రాహేలమ్మక్కను, కాశమ్మను.

రాహేలమ్మక్క ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి వచ్చింది. అన్నేళ్ళు బొగ్గు మోసినా ఆమె ఆ ఇంజన్ వెనక కూర్చొని బోగదా దాటలేదు. బోగదా అంటే దిగువమెట్ట అవతల కొండలో తొలిచిన సొరంగం. కొత్త లైను వేస్తే దాన్ని వదిలేస్తారని విన్నాం. చూస్తే ఆ రోజే చూడాలి.

చివరి గంప దించగానే ఆమె ఆ పట్నంవాళ్ళ పెద్ద శేషగిరి సారును పట్టుకుంది.

"సారూ, మమ్మల్ని బోగదా దాకా ఎక్కించుకో."

"పాసులున్నవాళ్ళకే పర్మిషన్ అమ్మా. ఏమీ అనుకోవద్దు."

"అనుకోకుండా ఎట్లుంటాం? నీ పాసులోళ్ళు ఒక్క గంపన్నా మోసినారా?"

గార్డు సుబ్బయ్య గారు నవ్వి, దిగువమెట్టలో టెండర్లో బొగ్గు ముందుకు సర్దే పని ఉందని చెప్పి మమ్మల్ని రైలు చివర తన బ్రేక్ వ్యానులో ఎక్కించుకున్నారు. అక్కడ దిగిపోవాలని షరతు.

దిగువమెట్టలో పని అయిపోయింది. రాహేలమ్మక్క వ్యాను మెట్టు మీద నుంచి కదలలేదు. అంతలో శేషగిరి సారే పరుగెత్తుకొచ్చాడు. బోగదా అవతల రన్‌పాస్ట్ ఉందట. అంటే, ప్రయాణికులంతా దిగి కెమెరాలతో నిలబడతారు. రైలు వెనక్కి వెళ్ళి మళ్ళీ వాళ్ళ ముందు నుంచి వస్తుంది.

"మావాళ్ళు దిగితే పెట్టెలు ఖాళీగా కనిపిస్తాయి. మీరు కిటికీల దగ్గర కూర్చుంటారా?"

"మాకు పాసుల్లేవు గదా సారూ?" అంది రాహేలమ్మక్క.

కాశమ్మ ఆమె నడుం గిల్లింది. "మేయ్, నోరు మూసుకొని కూచోక్కా!"

బోగదాలోకి వెళ్ళగానే చీకటి, చల్లదనం, చెవులు పగిలే మోత. అవతల అందరూ దిగారు. రైలు మాతో వెనక్కి బోగదాలోకి నడిచింది. "ఓయమ్మో, మళ్ళీ గిద్దలూరికే తోలుతుండాడు!" అని రాహేలమ్మక్క కేక పెట్టింది. ఇంతలో కూత వేసి బయటికొచ్చాం. చేతులు ఊపాం.

బయట ఎవరికీ నవ్వు లేదు. శేషగిరి సారు తల పట్టుకున్నాడు. "పొగేది? నల్లటి పొగ రావాలి కదా!"

డ్రైవర్ మస్తానన్న కిందికి దిగాడు. "పొగ యాడ నుంచి వస్తాది సారూ? వీళ్ళు పోసిన బొగ్గు చూడు, ఏరి పెట్టిన కందిపప్పు మాదిరుంది!"

తప్పు మాదే. బొగ్గు పొడి వేస్తే పొగ ఎక్కువ. పొడి పడితే డ్రైవర్లు మమ్మల్ని తిట్టేవాళ్ళు. అందుకే, అదే చివరిసారి కదా అని, జల్లించి, మంచి గడ్డలే ఏరి పోశాం.

"పొగ రానియ్యొద్దని ఇన్నేండ్లు తిట్టినా," అన్నాడు మస్తానన్న. "ఇప్పుడు పొగే గావాల్నంట!"

"పొగ కోసం రైలెక్కినోళ్ళను నేను మాత్రం యాడ చూసినాను?" అంది రాహేలమ్మక్క.

నేను టెండర్ ఎక్కి, మూలల్లో ఎన్నాళ్ళ నుంచో పేరుకున్న పొడిని గీకి గంపకెత్తాను. ఫైర్‌మన్ ఓబులేసు దాన్ని పొయ్యి పక్కన పెట్టుకున్నాడు. రైలు మళ్ళీ వెనక్కి. మళ్ళీ చీకటి. బోగదా నోటికి వస్తుండగా ఓబులేసు పారల కొద్దీ పొడి చల్లాడు. కాటుక లాంటి పొగ ఆకాశానికి లేచింది. కింద ఒకటే చప్పట్లు. వాళ్ళ తెల్లచొక్కాల మీద మసి రాలింది. మా ముఖాల్లో పళ్ళు తప్ప ఏమీ తెల్లగా లేవు. రాహేలమ్మక్క ఓట్లు అడగడానికి వచ్చినదానిలా చేయి ఊపుతూనే ఉంది.

దిగి సారుతో అంది: "నీ పాసుకు బోగదా ఒక్కసారే సారూ. మాకు ఐదుసార్లు."

ఆయన పడీపడీ నవ్వాడు.

పని బాగా చేస్తే చాలదని ఆ రోజు తెలిసింది. అది ఎందుకో ముందు అడగాలి. అడగకపోవడం వల్లే మాకు బోగదా అన్నిసార్లు దొరికిందనుకోండి, అది వేరే సంగతి.

ఫొటో వెనక రాయడానికి సారు మా పేర్లు అడిగాడు. అప్పుడు నాకు రాయడం రాదు. నోటితో చెప్పాను, ఆయన ఇంగ్లీషులో ఏదో రాసుకున్నాడు. తరువాత రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు నేనే రాస్తున్నాను. ఇంజన్లో మస్తాన్, ఓబులేసు. వెనక గార్డు సుబ్బయ్య గారు. కింద శేషగిరి సారు. ఆయన వెంట వచ్చినవాళ్ళకు చదువుంది, వాళ్ళ పేర్లు వాళ్ళే రాసుకుంటారు. కిటికీల్లో కాశమ్మ, దీనమ్మ అనే నేను, అందరికంటే ముందు రాహేలమ్మ.