అత్త అడ్డపొగ

నిన్న సాయంత్రం శ్రీకాకుళం బస్టాండులో చుట్ట వాసన తగలగానే నాకు ఎండుచేపలు, తడి ఇసుక, కుండలో పులిసిన చోడి అంబలి, వాటన్నిటి మధ్య మా మేనత్త అప్పలనర్సమ్మ చీర కొంగు గుర్తొచ్చాయి. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే.

మాది సముద్రం ఒడ్డున ఊరు. తెల్లారేసరికి తెప్పలు ఒడ్డుకు చేరేవి. అత్త కవళ్ల చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ల మీదకు బయల్దేరితే, వెనకాల ఇసుకలో కాళ్లు కూరుకుపోతూ నేను పరిగెత్తేవాణ్ణి. వేట లేని వానాకాలంలో ఎండు నెత్తళ్లు నిప్పుల మీద కాల్చి అంబలితో పెట్టేది. ఎండాకాలంలో ముంజెలు తినిపించి, ఆ బుర్రలకు పుల్ల గుచ్చి బండి చేసిచ్చేది. గంగమ్మ పండగనాడు బూరెలు వేస్తూ, మొదటి వాయి అమ్మవారికని, అందుకోబోయిన నా చెయ్యి మీద ఒక్కటి చరిచేది. ఇన్ని పనుల్లోనూ ఆవిడ నోట్లో చుట్ట ఉండేది.

మా వైపు ఆడవాళ్లది అడ్డపొగ. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటి లోపలికి తిప్పి పెదాలు మూసేస్తారు. సముద్రపు గాలికి ఆరదు, చేపల మీద బూడిద రాలదు, మామగారు ఎదురొచ్చినా నిప్పు కనపడదు. పొయ్యిలోంచి నిప్పు తెచ్చిచ్చే పని నాది.

"కాలదా అత్తా?" అని అడిగేవాణ్ణి.

"మీ మావ మాటల కంటే కాల్తాదేటిరా ఇది!" అని పొగ మింగి నవ్వేది.

పెద్దయ్యాక నేను విజయనగరంలో గుమస్తానయ్యాను. రెండేళ్ల కిందట అక్కడ ఒక ఆసుపత్రిలో, బీమా కార్డు లేని బీదవాళ్లకు రోగం ముదరకముందే పట్టుకోవాలని గురువారాలు ఉచితంగా పరీక్షలు చేసేవారు. చుట్ట తాగేవాళ్ల నోరు చూడటానికి వేరే గది ఉండేది. అత్త కొడుకు ఎర్రయ్య వేట పనికి గుజరాత్ పోతూ ఇంటి బీమా కార్డు పట్టుకుపోయాడు. పక్కింటామె నోటి పుండుతో పోయిందని భయపడి, నోరు చూపించుకుంటానని అత్తే నన్ను అడిగి వచ్చింది.

పేర్లు రాసుకుంటున్నది సేవకని వచ్చిన మా ఆఫీసరు గారి భార్య. నన్ను గుర్తుపట్టి నవ్వి, అత్త వైపు తిరిగి, "చుట్ట తాగుతారా అమ్మా?" అంది.

"అబ్బే, మా ఇళ్లలో ఆ అలవాటు లేదండి," అన్నాను నేను.

అత్త నా మొహంలోకి చూసింది. నలుగురిలో నా మాట తీసెయ్యలేక పెదాలు మూసుకుంది. రక్తపోటు, షుగరు చూసి పంపేశారు.

"నోరు సూడనేదేటిరా?" అంది బయటికొచ్చాక.

"ఇంకో గురువారం చూపిద్దాంలే అత్తా."

"నీ పరువు పోద్దని ముందే సెప్తే నాను రాకపోదును కదరా."

మళ్లీ ఆవిడ అడగలేదు, నేను తీసుకెళ్లలేదు. అంగిట్లో పుండు పెరిగి అంబలి కూడా దిగనప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళితే, గురువారం చీటీలో చుట్ట అలవాటు లేదని ఉండటం చూసి, ఆ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని డాక్టరు కోప్పడ్డాడు. బదులు చెప్పడానికి అత్తకు అప్పటికే మాట పోయింది. గుజరాత్ నుంచి ఆదరాబాదరాగా వచ్చిన ఎర్రయ్య, "అమ్మే దాసీసింది గదా బావా," అని తల బాదుకుంటే నేను తల ఊపాను. ఆవిడ పోయాక ఊరంతా అదే మాట స్థిరపడింది. అత్త ఏదీ దాచలేదు. అడిగింది ఆవిడను, జవాబు చెప్పింది నేను.

ఇప్పుడు మా ఊళ్లో తెప్పలు లేవు, ముంజె బండ్లు లాగే పిల్లలు లేరు. ఆసుపత్రిలో ఆ గురువారాలు కూడా ఆగిపోయాయి. నోరు చూసే గదిలో విరిగిన మంచాలు పడేశారు.

బస్టాండులో చుట్ట వెలిగించింది ఎండుచేపల బుట్ట పక్కన కూర్చున్న ఒక ముసలావిడ. ఉండబట్టలేక దగ్గరకెళ్లి, "నోరు ఎప్పుడైనా చూపించుకున్నావా అవ్వా?" అన్నాను.

"ఎవులికి సూపిస్తాను బాబూ?" అంది.

పుండు రాకముందే నోరు చూసే చోటు ఏదీ నాకు తోచలేదు. ఆవిడ నిప్పును లోపలికి తిప్పుకుని పెదాలు మూసేసింది.