పిన్ని వాతలు

మా బాబాయి జీవితంలో ఒక్క పని కూడా సక్రమంగా చేసి ఎరగడు. కోపంతో అంటున్న మాట కాదిది, వీధిలో ఎవరినడిగినా చెబుతారు. మెట్ల కింద ఇరుకు గదిలో ఇస్త్రీ కొట్టు వాళ్లది. పిన్ని ఇస్త్రీ చేస్తుంది, బాబాయి కబుర్లు చెబుతాడు. మధ్యలో సరదా పుట్టి ఇస్త్రీ పెట్టె చేతిలోకి తీసుకున్నాడా, ఎవరి కాలరుకో మూడినట్టే. అందుకే అందరూ ఆయన్ని 'మాడ్పుల మాస్టారు' అంటారు.

పెళ్లయిన కొత్తలో పిన్నికి పెట్టె పట్టుకోవడం నేర్పింది మాత్రం ఆయనే. అంతకుముందు ఏదో పెద్ద హోటల్లో బట్టల పని చేసొచ్చాడు. "మణికట్టు కాదే, భుజం కదలాలి" అని వెనకాల నిలబడి చెప్పేవాడట. ఒకరోజు ఆ పాఠం చెబుతూ చెబుతూ తెల్లటి బల్లగుడ్డ మీద పెట్టె మరిచిపోయాడు. గుడ్డ తాలూకు మనిషి దాన్ని ఆయన మొహాన కొట్టి వెళ్లిపోయాడు. పిన్ని ఆ గుడ్డను ఇస్త్రీ బల్ల మీద అడుగున పరిచేసింది. మొగుడు మొహం వేలాడేసుకుని కూర్చుంటే చూడలేక, ఒక పాత దుప్పటి ముక్క మీద అలాంటి మచ్చే ఇంకోటి వేసి, పెట్టె మొనతో తోకా కన్నూ పెట్టి, "ఇదిగో చేప. ఇక నవ్వండి" అంది. ఆయన నవ్వాడు. పిన్నికి ఆ పిచ్చి పట్టుకుంది.

రానురానూ చేపలు పోయి పిల్లులొచ్చాయి, పిల్లులు పోయి మనుషులొచ్చారు. వేడి తగ్గిస్తే టీ రంగు, పెంచితే బొగ్గు రంగు. పక్కింటావిడ మూతివిరుపు, ఇంటి ఓనరు బొజ్జ, అన్నీ పాత దుప్పట్లకెక్కాయి. పిన్ని వాటిని వాతలు అనేది. "నోటితో అనలేనివాళ్లకి ఇలా పెడుతున్నా" అని నవ్వేది.

కొట్టు కిటికీకి తెరగా వేలాడుతున్న ఓనరు బొజ్జ దగ్గర ఒకరోజు ఒక కళ్లజోడావిడ ఆగిపోయింది. బొమ్మలెయ్యడం ఎవరిదగ్గరా నేర్చుకోని వాళ్లతో ప్రదర్శన పెడుతోందట. చదువుకున్నవాళ్లు చదువుకోనివాళ్ల కోసం చేసే హడావిడి నా ఒంటికి పడదు. అయినా పిన్ని మొహం చూసి నోరు మూసుకున్నాను. ఇన్నేళ్లలో ఆవిడ పనిని ఒకరు పనిగా చూడటం అదే మొదలు.

ప్రారంభం రోజు ముగ్గురం వెళ్లాం. వాతలకు చెక్క చట్రాలు కట్టి, 'దహన చిత్రాలు' అని పేరు పెట్టారు. "ఎవరో పోయినట్టుందే" అంది పిన్ని నా చెవిలో. పక్కన కార్డు మీద, 'ఈమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు' అని ఉంది.

బాబాయి దాన్ని రెండుసార్లు చదివాడు. "ఎవరూ నేర్పలేదా?" అన్నాడు మెల్లగా. మూల బెంచీ మీద కూర్చుని, ఇచ్చిన టీ కూడా వద్దన్నాడు. నాకే జాలేసింది, ఇక పిన్ని సంగతి చెప్పాలా.

పిన్ని తిన్నగా కళ్లజోడావిడ దగ్గరికెళ్లింది. "ఆ కార్డు మార్చండమ్మా. పెట్టె పట్టుకోవడం నాకు మా ఆయన నేర్పారు."

ఆవిడ మొహం పాలిపోయింది. "గురువున్నవాళ్లని ఇందులో పెట్టకూడదండీ. కమిటీ ఒప్పుకోదు. నిజంగా నేర్పారంటే ఇవన్నీ దించెయ్యాలి."

"అయితే దించెయ్యండి" అంది పిన్ని. చెయ్యి మాత్రం పక్కనున్న చట్రాన్ని వదల్లేదు.

బాబాయి బెంచీ మీంచి లేచొచ్చాడు. "నేనా, నేర్పానా?" అని అందరికీ వినబడేలా నవ్వాడు. "నాకు చొక్కా మడతపెట్టడమే రాదండీ. మా వీధిలో అడగండి, మాడ్పుల మాస్టారంటారు నన్ను. దీని మాటలు పట్టించుకోకండి, మొగుడంటే వెర్రి ప్రేమ."

కళ్లజోడావిడ ఊపిరి పీల్చుకుంది. ఆయన కోతలు వినలేక నేను చిన్నప్పట్నుంచీ చెవులు మూసుకుంటున్నాను. ఆ మనిషి తనను తాను తక్కువ చేసుకోవడం అదే మొదటిసారి వినడం, అదీ అబద్ధం చెప్పి. నాకు ఏడుపొచ్చింది, చెప్పడానికి సిగ్గెందుకు.

ఇంటికొచ్చాక పిన్ని, "ఇంకోసారి అలాంటి అబద్ధమాడితే మీకే వాత పెడతా" అంది. మర్నాడు కొట్టు తీయగానే ఇస్త్రీ బల్ల మీద పరిచినవన్నీ ఎత్తి, అన్నిటికన్నా అడుగున ఉన్న గుడ్డ బయటికి లాగింది. ఆ పాత బల్లగుడ్డే. నడిమధ్య పెట్టె ఆకారంలో ఒక్కటే నల్లటి మచ్చ. దాన్ని చంకలో పెట్టుకుని ప్రదర్శనకి నడిచింది, వెనకాల నేను.

"ఇది కూడా పెట్టండమ్మా" అంది కళ్లజోడావిడతో. "ఇది నాది కాదు, మా ఆయనది. మాడ్చడం ఆయనకెవరూ నేర్పలేదు. పూర్తిగా సొంత తెలివి."

ఆవిడ తల అటు వంచి, ఇటు వంచి ఆ మచ్చను చాలాసేపు చూసి, "అద్భుతం" అంది. నేను నవ్వాపుకోలేక బయటికెళ్లిపోయాను. తిరిగొచ్చేసరికి చట్రానికి కొలతలు తీసుకుంటున్నారు. కార్డు మీద పిన్ని చెప్పినట్టే రాశారు: 'చేసింది మా ఆయన. ఎవరూ నేర్పలేదు.'

ఎవరి ఆయనో చూసేవాళ్లకి తెలియాలి కదా. అందుకని ప్రదర్శన ఉన్నన్నాళ్లూ బాబాయి, పిన్ని ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, ఆ గుడ్డ పక్కనే నిలబడ్డాడు.