చేతుల మీద లేచే హవల్దారు

టీవీ సీరియల్ రాయడం కోసం గోపన్‌పల్లిలో ఒక మాజీ హవల్దారు దగ్గరికి వెళ్లేదాన్ని. వెన్నులో తూటా దిగి ఆయన కాళ్లు చచ్చుబడ్డాయి. మాట మధ్యలో ఆగి, వీల్‌చైర్ చేతులు పట్టుకొని ఒళ్లంతా పైకెత్తేవాడు. కూర్చున్నచోట పుండ్లు పడకుండా మిలిటరీ డాక్టరు నేర్పిన అలవాటది. ఆ డాక్టరే మా కథకు హీరో.

"ఉన్నదున్నట్టు రాయి బిడ్డా" అన్నాడు హవల్దారు. రాస్తానని మాటిచ్చాను.

ఛానెల్‌వాళ్లు పట్టుబడితే, చివరి ఎపిసోడ్‌లో, ఆయన్ని చూసి రాసిన సిపాయి పాత్రను లేపి నడిపించాను. దాన్ని ఆయన పక్కనే కూర్చుని చూశాను.

ఆయన టీవీ కట్టేశాడు. చేతుల మీద పైకి లేచి, కాసేపు అలాగే ఉండి కూర్చున్నాడు.

"నన్ను నడిపించినవా బిడ్డా? నడుస్తవని మా డాక్టర్ సాబ్ ఒక్కనాడు గూడ చెప్పలే. అందుకే ఆయన్ని నమ్మినం. నిన్ను గూడ గట్లనే నమ్మిన."