పులిహోర గిన్నె తడవలేదు

నా చిన్నప్పుడు, ఎండాకాలం సెలవులకు పులికాట్ ఒడ్డున ఉన్న మా అమ్మమ్మగారి ఊరికి వెళ్లేదాన్ని. మా తాతయ్యకు అక్కడ తెరచాప పడవ ఉండేది. ఒకరోజు అల్లూరు నుంచి వచ్చిన చుట్టాలు పదిమందినీ, వాళ్ల పులిహోర గిన్నెనూ ఎక్కించుకుని, దీవులు చూపించడానికి బయల్దేరాడు. వాళ్లంతా వరి పొలాల మనుషులు. మోకాటి లోతు కాలవ తప్ప నీళ్లెరగరు, ఈత అసలే రాదు.

మొదటి దీవి దాటేదాకా ఆకాశం తేటగానే ఉంది. రెండో దీవికి పోతుంటే, సరిగ్గా లోతు ఎక్కువున్న చోట గాలి తిరిగింది. తాతయ్య తెరచాప దించి ఒక పక్కన పడేశాడు. అంతలో వాన అందుకుంది. చుట్టాలందరూ తల తడవకుండా ఆ చాపగుడ్డ కిందికి దూరారు. పడవ అటే ఒరిగి, అంచు మీంచి నీళ్లు లోపలికి రాసాగాయి. తాతయ్య కాళ్ల దగ్గర కూర్చున్న నేను అది చూశాను. భయంతో ఏడుపొచ్చేసింది.

తాతయ్య మాత్రం విసుక్కుంటున్నట్టు అన్నాడు: “ఏమ్మా, మీ పులిహోర గిన్నె ఈపక్క తడస్తా ఉండాది. నలుగురొచ్చి పట్టుకోండి. లేవబాకండి, కూచోనే జరగండి. గిన్నెను తన్నేస్తారు.”

గిన్నె తడవడం లేదు. మూతపెట్టి, గుడ్డ కట్టి, కూర్చునే పలక కిందికి తోసింది నేనే. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. తాతయ్య నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాను. పిన్నులూ అత్తలూ అయిదుగురు పులిహోర కోసం దేక్కుంటూ ఇటు వచ్చారు. పడవ నిలదొక్కుకుంది.

దీవిలో దిగి పులిహోర తింటున్నప్పుడు, అబద్ధం ఎందుకు చెప్పావని తాతయ్యను మెల్లగా అడిగాను.

“మునగతా ఉండామంటే అందరూ లేచి నిలబడుంటారు. అప్పుడు నిజంగానే మునిగుంటాం. పడవను నేనొక్కణ్ణే కాయలేదులే, నోరు మూసుకోని నువ్వు గూడా కాసినావు” అన్నాడు. ఆ పూట నాకు పులిహోర రెండుసార్లు పెట్టించాడు.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. పోయిన ఏడాది నెల్లూరు ఆసుపత్రిలో నన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్తుంటే స్ట్రెచర్ అంచును గట్టిగా పట్టుకున్నాను. మా కోడలు నా చెయ్యి పట్టుకుని పక్కనే నడుస్తూ అడిగింది: “అత్తయ్యా, ఆవకాయ జాడీ ఏడ పెట్టినారు? ఎంత వెతికినా కనపళ్లేదు.”

ముందురోజు మధ్యాహ్నం ఆ జాడీలోంచి తీసి, నాకు అన్నంలో కలిపి పెట్టింది తనే. నేను ఆ మాట అనలేదు. ఆపరేషన్ గది తలుపులు మూసుకునేదాకా, ఏ అలమరలో, ఏ డబ్బా వెనక ఉందో తనకు ఓపిగ్గా చెబుతూనే వెళ్లాను.