హద్దు కుప్పలో ఆదెమ్మప్ప పెనిమిటి

మా వీధిలో ఎవరో ఇంటికి సున్నం వేయిస్తున్నారు. తొట్టిలో సున్నం ఉడుకుతున్న ఘాటు వాసన కిటికీలోంచి వచ్చి గొంతు పట్టుకుంది. బొబ్బిలిలో నా ఇంట్లో కూర్చున్న నాకు పాతపట్నం అవతలి కొండల్లోని సవర ఆదెమ్మ కళ్ళముందు నిలబడింది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. పొట్టి మనిషి, పెద్ద గొంతు. నవ్వినా తిట్టినా ఎదుటి కొండకు వినపడేది. అటవీశాఖలో గార్డుగా చేరిన కొత్తలో ఆ ఊళ్ళో ఆమె ఇంటిని ఆనుకున్న గదిలో ఉండేవాణ్ణి. మొదట్లో మిగతా ఉద్యోగుల్లాగే పేరు పెట్టి పిలిచాను. తర్వాత ఆదెమ్మప్ప అన్నాను. మా వైపు అక్కను అప్ప అంటాం.

ఈమధ్య ఒక సభలో ఒక పెద్దమనిషి మాట్లాడుతూ, తెల్లదొరలు ముందుచూపుతో హద్దులు గీయబట్టే మన కొండల మీద ఇంకా పచ్చదనం ఉందన్నాడు. కొండవాళ్ళకు ఆ విలువ తెలియదనీ, ఒక సవర ముసలమ్మ అడవిని ఆక్రమించడానికి హద్దురాళ్ళు పీకేసిందనీ, కోర్టు శిక్ష కూడా వేసిందనీ చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ కేసులో సాక్షిని నేనే. రిటైరైన ఉద్యోగుల తరఫున శాలువా కప్పించుకుని అదే వేదిక మీద కూర్చున్నాను. నోరు తెరవలేకపోయాను. సిగ్గేసింది, కానీ సిగ్గు కంటే కోపం ఎక్కువగా వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆదెమ్మప్ప నాకు రోజూ పొద్దున్నే చోడి అంబలి, అంటే రాగి అంబలి, పోసేది, దాంతోపాటు నాలుగు మాటలు కూడా. "ఏటి గార్డూ, అడవికి కాపలా కాస్తన్నావు గదా, రాత్రికి రాత్రి లేసి ఎలిపోతాదేటి అది?" అనేది. నేను ఉక్రోషంతో, మీరు నరికేస్తారని కాస్తున్నానని అంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది. "మా తాతలు నరికుంటే నువ్వు కాయడానికి ఏటి మిగిలీది రా?" అనేది. దానికి జవాబు నాకు ఇప్పుడు దొరికింది. నరికింది వాళ్ళు కాదు. రిజర్వు అడవి అని గీత గీసిన తరువాత దాని లోపల పోడు చేస్తే నేరం, కట్టెలు ఏరితే నేరం, మేకను తోలితే నేరం. అదే గీత లోపల పెద్ద పెద్ద మానుల్ని పడగొట్టి రైలు పట్టాల కింద పరచడానికి దొరలు బళ్ళకెత్తించుకుపోతే మాత్రం దాని పేరు అటవీ సంరక్షణ. తరాలుగా మనుషులు దున్ని, మేపి, చచ్చి బూడిదైన నేలను మద్రాసు నుంచి వచ్చినవాళ్ళు ఎవరికీ చెందని బంజరు అన్నారు. ఎవరికీ చెందనిది కాబట్టి తమదన్నారు. వాళ్ళు పోయారు, గీత ఉండిపోయింది. ఆ గీతకు జీతం తీసుకుని కాపలా కాసినవాణ్ణి నేను.

సవరల్లో మనిషి పోతే దహనం చేస్తారు. అంతటితో అయిపోదు. తరువాత వీలు చూసుకుని దున్నను కోసి, ఊరందరికీ వడ్డించి, పోయినవాళ్ళ పేరున ఒక పొడుగాటి రాయిని తెచ్చి వాళ్ళ వంశంవారి రాళ్ళ పక్కన నిలబెడతారు. అప్పటిదాకా పోయినవాడు పెద్దల్లో కలవడు, ఆకలితో ఇంటి చుట్టూ తిరుగుతుంటాడు. ఆదెమ్మప్ప పెనిమిటికి రాయి నిలబెట్టినరోజు నేనూ వెళ్ళాను. ఊరి పైన చదునులో చిన్నవీ పెద్దవీ రాళ్ళు, ఒక కుటుంబం నిలబడి మాట్లాడుకుంటున్నట్టున్నాయి. ఆమె కొత్త రాయి మొదట్లో సారా పోసి, దాన్ని చేత్తో తట్టి, "ఇంక మీ అమ్మ పక్కనున్నావు. నాను వచ్చీదాకా బుద్దిగా ఉండు" అంది. అందరూ నవ్వారు. నా ఆకులో కూర తనే వడ్డించింది.

ఆ చదును సగం రిజర్వు గీత లోపల ఉంది. ఏటా ఎండాకాలంలో మేము గీత వెంట పొదలు నరికి, హద్దు గుర్తుగా రాళ్ళు పేర్చిన కుప్పలు కూలిపోతే మళ్ళీ పేర్చి సున్నం పూయాలి. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడన్నారు. కింది నుంచి కూలీలను తెచ్చాను. కుప్పకు రాళ్ళు చాలలేదన్నారు. "దగ్గర్లో ఏవుంటే అవి వెయ్యండి" అని చెప్పి చెట్టు నీడన కూర్చున్నాను. లేచి చూసేసరికి చదునులో మా వైపు సగం ఖాళీ. కుప్ప మాత్రం తెల్లగా, ఎత్తుగా, ఆఫీసరు మెచ్చుకునేటట్టు ఉంది.

ఆదెమ్మప్ప వచ్చింది. తిట్టలేదు. కుప్ప చుట్టూ తిరిగింది. సున్నం పూశాక ఏ రాయైనా ఒకటే. నా వైపు తిరిగి, "ఇందులో మా ముసలోడు ఏడున్నాడో సెప్పు బాబూ" అంది. కుప్ప మీద చెయ్యి వేసి, "మా తాత సెప్పీవోడు. మొట్టమొదట దొర మనుషులు కూడా ఇలాగే మావోళ్ళని పీకి పేర్సినారంట. ఆలకి తెలీదు గావాల అనుకున్నాను. నీకు తెలుసు గదరా" అంది.

మర్నాడు ఆమె, ఆమె కూతురు సుక్కి కలిసి కుప్ప విప్పడం మొదలుపెట్టారు. ఒక్కో రాయినీ కడిగి పోల్చుకుంటున్నారు. అదే సమయానికి ఆఫీసరు వచ్చాడు. హద్దు చెరిపారని ఆదెమ్మప్ప మీద కేసు రాయించాడు. కోర్టులో ఆమె, "నాను హద్దు పీకలేదు బాబూ, మా ముసలోణ్ణి ఎతుక్కున్నాను" అంటే హాల్లో నవ్వారు. ఆ రాళ్ళు హద్దు కుప్పవేనా అని నన్ను అడిగారు. అవునన్నాను. అంతకు ముందు ఎక్కడివని ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. బయట మెట్ల మీద ఆమె నన్ను ఆపింది. "మా ముసలోడి పండగనాడు నీ ఆకులో నానే ఏసాను గదరా గార్డూ. అరిగిపోనాదేటి?" అంది. అంతే. ఆ తరువాత నాతో మాట్లాడలేదు.

శిక్ష చిన్నదే. కానీ తీర్పులో ఆ రాళ్ళు ప్రభుత్వానివయ్యాయి, ఆ చదును అడవి అయింది. ఆ ఊరివాళ్ళు మళ్ళీ అక్కడ రాయి నిలబెట్టలేకపోయారు. నాకు బదిలీ అయింది. కొన్నేళ్ళకు ఆదెమ్మప్ప పోయిందని విన్నాను.

సభ అయిన వారంలోనే ఆ ఊరు వెళ్ళాను. సుక్కి తల నెరిసింది. తల్లి కోసం తెచ్చిన రాయి ఇంటి చూరు కింద పడుకోబెట్టి ఉంది. ఆ చదునులో తండ్రి పక్కన తప్ప ఎక్కడా నిలబెట్టనని సుక్కి పట్టుబట్టింది. అటవీ హక్కుల చట్టం కింద ఆ చదును తమదని ఊరంతా కలిసి అర్జీ పెట్టుకున్నారు. అవి హద్దురాళ్ళని కోర్టే చెప్పింది కదా అని అధికారులు తిప్పి పంపారు. అంటే నా "అవును" అన్న మాటే ఇంకా వాళ్ళకు అడ్డం నిలబడి ఉంది. గ్రామసభ కూర్చోబెట్టమన్నాను. అందరి ముందు లేచి, ఆ రాళ్ళు హద్దు కంటే ముందువి, వాళ్ళ పెద్దలవి, పీకించింది నేను, నాకంటే ముందు దొరలు అని చెప్పాను. నాకేదో బరువు దిగుతుందనుకున్నాను.

సుక్కి మొత్తం విని, తల్లి గొంతుతోనే అంది: "మాకు సెప్తే ఏటి లాభం బాబూ? మాకు తెలీనిదేటి ఇందులో? కిందకెల్లి ఆలకి సెప్పు."

ఆ అర్జీకి నా వాంగ్మూలం జత చేసి, కింద ఆఫీసులో మళ్ళీ ఇచ్చాను. ఇదిగో, మీకూ చెప్పాను. ఆదెమ్మప్ప రాయి ఇంకా చూరు కిందే పడుకుని ఉంది.