కోపానికో ఇంగ్లీషు మాట

నా పెళ్ళయిన కొత్తలో మా ఇంట్లో అందరికీ తెలుగు వచ్చు, ఉర్దూ కూడా వచ్చు. అందుకే నేను ఇంగ్లీషు నేర్చుకోవాల్సి వచ్చింది.

వరంగల్‌లో మాది నేత ఇల్లు. రెండు మగ్గాలు, ఒక అర్ర, ఒక వంట మూల. ఏ మూల నిలబడి గొణిగినా అత్తమ్మకో మామకో వినబడి తీరుతుంది. మొగుడూ పెళ్ళాం అన్నాక ఏదో ఒక మాట అనుకోకుండా ఉంటారా? తెలుగులో అనుకుంటే పెద్దల ముందు నోరు లేపినట్టు. నిజాం కాలం కాబట్టి సర్కారు కచేరీలోనూ ఉర్దూయే, సంతలోనూ ఉర్దూయే, దాని చాటున దాక్కోవడానికి లేదు. మా ఆయన మాత్రం ఉర్దూ బడిలో చదువుకునేటప్పుడు కాస్త ఇంగ్లీషు కూడా నేర్చుకున్నాడు.

నేర్పమని పట్టుబట్టాను. "మొదాలు ఏం మాటలు గావాలె?" అని అడిగాడు. ముద్దు మాటలు అడుగుతాననుకున్నాడో ఏమో, ముఖం వెలిగిపోయింది.

"కొట్లాటకు పనికచ్చేటియి."

"గవ్వెందుకే?"

"మంచిగున్నప్పుడు కండ్లతోని చెప్పుకుంటం. కోపమస్తె నోరు గావాలె గదా!"

పకపకా నవ్వాడు, కానీ నేర్పాడు. నేను నూలు కండెలు చుడుతుంటే ఆయన మగ్గం గుంటలో కూర్చొని ఒక్కో మాటా అందించేవాడు. దుకాణాల్లో మోసపోకుండా ఉండటానికని మామకు చెప్పాం. లిసెన్ అంటే విను. రాంగ్ అంటే తప్పు. ప్రామిస్ అంటే మాట ఇవ్వడం. ఎనఫ్ అంటే ఇక చాలు. ఆ చివరి మాట నేర్చుకోకపోయినా బాగుండేది, ఎందుకంటే తర్వాత దాన్ని ఎడాపెడా వాడింది ఆయనే.

ఒకరోజు "కోపమచ్చింది అనేటందుకు ఐ యామ్ యాంగ్రీ అనాలె" అన్నాడు.

"అది మొగోళ్ళు అనేది. ఆడోళ్ళేమనాలె?"

"ఇద్దరికి గదే మాట."

నేను నమ్మలేదు. మళ్ళీ అడిగాను, మళ్ళీ అదే చెప్పాడు. మా ఇంట్లో కోపం వచ్చేది మామ ఒక్కడికే. అదే నాకు వస్తే తిక్క, అత్తమ్మకు వస్తే అలక. అందరికీ ఒకే మాట ఉన్న దేశం కూడా ఒకటుందా అని నాకు ఒళ్ళు పులకరించింది. అత్తమ్మ పక్కనే కూర్చొని చిక్కు నూలు విడదీస్తోంది. "ఏం మాటలో ఏమో, తల్లీ" అని మూతి తిప్పుకుంది.

అలా కొన్నాళ్ళు మా కొట్లాటలు హాయిగా సాగాయి. నూనె ఎక్కువ పోశావనీ, అమ్మగారింటికి పంపలేదనీ, అన్నీ ఇంగ్లీషులోనే. చివరికి ఎవరో ఒకరికి మాటలు అయిపోయి నవ్వు వచ్చేది.

ఇంతలో షోలాపూర్ నుంచి కబురు వచ్చింది. అక్కడి మిల్లులో మా ఆయనకు పని ఉందట. మామ సంబరపడి, "పిలగాడు వోతడు. కోడలు ఈడనే ఉంటది, లేకుంటే కండెలెవలు చుట్టాలె?" అని తేల్చేశాడు. షోలాపూర్ పోయినవాళ్ళు ఎప్పుడు వస్తారో వాళ్ళకే తెలియదు. ఒకప్పుడు మామ కూడా వెళ్ళినవాడే. తిరిగొచ్చేసరికి మా ఆయన నడక నేర్చుకొని, తండ్రిని చూసి పరాయివాడనుకొని తల్లి కొంగు చాటుకు పోయాడట. నన్ను కూడా తీసుకుపోతానని వాళ్ళ నాయినకు చెప్పమన్నాను. చెప్తానని ఒట్టేశాడు. మామ ఎదుటికి వెళ్ళి తల గోక్కొని వెనక్కి వచ్చాడు.

మర్నాడు పొద్దున్నే పడుగుకు గంజి పెట్టాం. వీధి పొడవునా నూలు సాగదీసి కట్టి, గంజి తడి ఆరకముందే కుంచెతో దువ్వాలి. ఆ పెద్ద కుంచెకు అటు కొస ఆయన పట్టుకుంటే ఇటు కొస నేను. మధ్యలో పడుగు. ఇద్దరం ఒకే అడుగు వేయాలి, ఒకే ఊపున లాగాలి, దువ్వడం అయ్యేదాకా ఆగకూడదు. అంత దగ్గరగా ఎదురెదురుగా నడుస్తుంటే ఆయన ముఖం చూసి నాకు మండిపోయింది.

"యూ ప్రామిస్! యూ నో టాక్!" అన్నాను.

"లిసెన్, జర లిసెన్..."

"నో లిసెన్. ఐ యామ్ యాంగ్రీ!"

"ఎనఫ్!" అని కసిరాడు.

అంతే, కుంచె వదిలేసి ఇంట్లోకి వచ్చేశాను. నేత ఇంట పుట్టిన ఏ పిల్లా చేయని పని అది. ఆయన ఒంటరిగా ఒక కొస పట్టుకొని దిక్కులు చూస్తుంటే, అవతల ఎండ తన పని తాను చేసుకుపోయింది. గంజి ఎండి దారాలన్నీ అతుక్కొని చాపలా బిగుసుకుపోయాయి.

మామ కేకలకు వీధి వీధంతా బయటికొచ్చింది. "పడుగును నడిమిట్ల ఇడిశిపెడుతవా? గింత తిక్కనా నీకు? గిసొంటిదాన్ని ఎంబడి తోలితె పిలగాడు బతుకుతడా? నువ్వు ఈడనే పడుండు!"

నేను గుమ్మం దగ్గర ఏడుస్తూ నిలబడ్డాను. మా ఆయన తల వంచుకున్నాడు. అత్తమ్మ మాత్రం పడుగు పక్కన చతికిలబడి, తడి చేత్తో ఒక్కో దారం విడదీస్తోంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను. తల ఎత్తకుండానే, "పిల్లా, గా మాటేందే? ఇద్దరికి ఒక్కటే అన్నది" అని అడిగింది.

చెప్పాను. పెదవులు కదిలించి రెండుసార్లు తనలో తాను అనుకుంది. చేతుల గంజి కొంగుకు తుడుచుకొని లేచి, మామ ఎదుట నిలబడింది.

"ఇగో, ఐ యామ్ యాంగ్రీ."

"ఏందీ?" అన్నాడు మామ బిత్తరపోయి.

"నాకు కోపమచ్చింది అంటున్న. తిక్క గాదు, అలక గాదు, కోపం. నువ్వు నన్ను ఇడిశిపెట్టి షోలాపూర్ వోయిన్నాటి సంది ఉన్నది. కొడుకును తోలుతె కోడల్ని గూడ తోలు. కండెల ఫికర్ నీకద్దు, నేను చుడుత."

ఆమె మాట ఎక్కడా తడబడలేదు. ఆమెను కావలించుకొని ఏడవాలనిపించింది నాకు. మామ వచ్చి పడుగుకు అవతలి పక్క కూర్చొని తానూ దారాలు విడదీయడం మొదలుపెట్టాడు.

"సరే, ఇద్దర్ని వోనీ" అన్నాడు చివరికి. ఇంకో నాలుగు దారాలు విడదీసి, "కని గిన్నేండ్ల సంది కోపమున్నదని ఒక్కనాడన్న చెప్పకపోతివి?" అన్నాడు.

"ఏ మాటతోని చెప్పాలె?" అంది అత్తమ్మ.