ఒళ్లో మిగిలిన ఆట

సౌదీలో యాన్బు నుంచి జెడ్డా వెళ్లే బస్సులో నా పక్కన కడప పెద్దాయన ఒకరు కూర్చున్నారు. ఒకప్పుడు అమెరికావాళ్ల క్యాంపులో వంట చేసేవారట, బేస్‌బాల్ పిచ్చి అక్కడే పట్టిందట. ఫోనులో ఏదో పాత మ్యాచ్ రేడియో కామెంటరీ పెట్టుకుని, ఒక ఇయర్‌ఫోను నాకిచ్చారు.

“ఈ ఆటలో నాలుగైదు పరుగులొస్తే గొప్ప. దీంట్లో రెండు పక్కలా ఇరవై దాటినాయి!”

“ఎవలు గెలుస్తరు చాచా?”

“చివరిదాకా ఇనల్ల, నాయనా.”

అంతలో చెక్‌పోస్టు వచ్చింది. నన్ను పనికి పెట్టుకున్న కఫీల్ సర్కారుకు లెవీ కట్టకపోవడంతో నా నివాస కార్డు, ఇకామా, గడువు తీరి మూడు నెలలైంది. పోలీసు బస్సెక్కగానే నా చూపు అతని మొహానికి అతుక్కుపోయింది. ఇకామా సరిగ్గా ఉన్నవాళ్లు అలా చూడరు, హాయిగా నిద్రపోతారు.

“వాని మొగం చూడాకు. కండ్లు మూసుకో,” అని ఆయన గొణిగారు.

మూసుకున్నాను. బూట్ల చప్పుడు మా సీటు దగ్గర ఆగింది. నన్ను లేపకముందే ఆయన లేచి తన ఇకామా ఇచ్చారు. పోలీసు దిగమన్నాడు. ఆయనదీ గడువు తీరిందని అప్పుడు తెలిసింది. రెండో ఇయర్‌ఫోను కూడా నా చెవిలో పెట్టి, దిగిపోయారు. పోలీసూ ఆయన వెంటే దిగాడు.

బస్సు కదిలింది. ఆయన ఫోను నా ఒళ్లోనే ఉంది. ఆపమని అరవాలి. అరవలేదు. చెవుల్లో మాత్రం జనం అరుస్తూనే ఉన్నారు.